చలిదేశపు మొక్క కొనేముందు మన చలిని ఇలా కొలుచుకోండి

మా అనంతపురంలో చలికాలమంటే తెల్లవారుజామున స్వెటర్ వేసుకుని పాలకు పోవడం, తొమ్మిదింటికి దాన్ని విప్పి భుజాన వేసుకోవడం. ఆ చలిని నమ్ముకుని నాలుగేళ్ల కిందట పన్నెండు ఆపిల్ మొక్కలు కొని చీనీ (బత్తాయి) తోట పక్కన నాటాను. అమ్మినాయన "మన ఎండకు తట్టుకునే రకం సార్, మూడో ఏడు కాయ కోసుకోండి" అన్నాడు. ఎండకు తట్టుకున్నాయి, అబద్ధం చెప్పకూడదు. మూడో ఏడు కాయలూ వచ్చాయి. పన్నెండు చెట్లకు కలిపి నాలుగు, ఒక్కోటి నిమ్మకాయంత. మా నాన్న వాటిని చేతిలో తిప్పి చూసి, "రేగుచెట్టు పెట్టింటే పిల్లోళ్లన్నా తినేవాళ్లు కదప్పా" అన్నాడు.

తప్పు మొక్కది కాదు. ఎండకు ఆగుతుందా అని అడిగాను గానీ, దానికి కావాల్సిన చలి నా దగ్గర ఉందా అని అడగలేదు. ఆ రెండో ప్రశ్నకు జవాబు నర్సరీలో దొరకదు, మీ పొలంలోనే దొరుకుతుంది. ఎలా వెతుక్కోవాలో చెబుతాను. డల్లాస్‌లో ఉన్న మా చెల్లెలిది దీనికి తలకిందుల సమస్య. ఆమె కరివేపాకు చెట్టు సంగతి చివర్లో.

ముందు మీ చలిని కొలవండి

మనం మూడింటినీ మంచు అనే అంటాం. పొద్దున్నే గడ్డి మీద కనిపించే నీటి బొట్లూ మంచే, గుత్తి రోడ్డులో ఎదురొచ్చే లారీని కనపడనీయని పొగా మంచే, కాశ్మీరులో పడేదీ మంచే. చెట్టుకు మాత్రం ఇవి వేరు. మొదటి రెండింటిలో నీరు నీరుగానే ఉంటుంది. మూడోదానిలో గడ్డకడుతుంది, చెట్లను చంపేది అదే. అనంతపురం, కర్నూలు, కడప మైదానాల్లో ఆ మూడోది మనం చూడం. డిసెంబరు, జనవరి రాత్రుల్లో అటూఇటూగా 15–17 డిగ్రీలు మామూలు, బాగా వణికించిన రోజు 11, 12.

అయితే మీ పొలంలో ఎంత? పేపర్లో వేసేది వాతావరణ కేంద్రంలో మనిషి ఎత్తున కొలిచిన లెక్క. మబ్బు లేని, గాలి ఆడని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. అప్పుడు మోకాలి ఎత్తున ఉండే చలి మనిషి ఎత్తున ఉండే చలి కన్నా ఎక్కువ. మీ చిన్న మొక్క ఉండేది మోకాలి ఎత్తునే. కాబట్టి రాత్రి కనిష్ఠాన్ని గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి కొనండి, రెండైతే మరీ మంచిది. డిసెంబరు మొదటి వారం నుంచి ఫిబ్రవరి దాకా మొక్క ఎత్తున కట్టె పాతి దానికి కట్టండి. గోడకు, రేకుల షెడ్డుకు, మోటారు గదికి కట్టొద్దు. అవి రాత్రంతా పగటి వేడిని వదులుతూ ఉంటాయి, లెక్క తప్పుతుంది. పొద్దున ఎండ పడకముందే చూసి నోటుబుక్కులో రాసుకోండి.

చల్లగాలి బరువు. నీళ్లలాగే పల్లానికి పారి, గట్టు అడ్డమొస్తే అక్కడ నిలుస్తుంది. మా పొలంలో బావి దగ్గర 14 చూపించిన రోజు, కింద గట్టు మూలన పదకొండున్నర చూపించింది. మధ్యలో నూటయాభై అడుగులు కూడా లేవు. అందుకే చలి కావాల్సిన మొక్క పల్లంలో, చలికి భయపడే మొక్క మెరకలో. అరటిని ఆ మూలన పెట్టి రెండేళ్లు గెలలు పాడుచేసుకున్నాక నాకు ఇది తెలిసింది.

ఎత్తు కూడా లెక్కలోకి తీసుకోండి. కడప సముద్రమట్టానికి 138 మీటర్ల ఎత్తు, కర్నూలు 273, అనంతపురం 335, హిందూపురం 621. వంద మీటర్లు ఎక్కితే సుమారు 0.6 డిగ్రీ తగ్గుతుంది. అంటే కడపకూ హిందూపురానికీ మూడు డిగ్రీల తేడా ఊరికే వస్తుంది. కడప వాళ్లు హిందూపురం తోట చూసి మొక్కలు కొనకూడదు అనడం అందుకే.

చలి చెట్టును ఎలా చంపుతుందో తెలుసుకోండి

ఈ భాగం వదిలేసి ముందుకు పోవచ్చు. కానీ ఇది అర్థమైతే మిగతాదంతా ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది, పైగా ఇది మన రాయలసీమ వాళ్లకు అర్థమైనంత తేలిగ్గా ఇంకెవరికీ కాదు.

చిన్నప్పుడు బడి బయట పుల్లఐసు తిన్నారు కదా. గట్టిగా పీలిస్తే రంగూ తీపీ నోట్లోకొచ్చి పుల్లకు తెల్లటి ఐసు మిగిలేది. నీరు గడ్డకట్టేటప్పుడు చక్కెరను బయటికి నెట్టేసి తను మాత్రమే గడ్డకడుతుంది. చెట్టులోనూ ఇంతే. ముందు కణాల బయట, సందుల్లో ఉండే పలుచని నీరు గడ్డకడుతుంది. ఆ గడ్డ పక్కనున్న కణంలోంచి నీటిని బయటికి లాగుతుంది. కణం ముడుచుకుపోతుంది, లోపలి రసం పాకంలా చిక్కబడుతుంది. అంటే ఇది బెట్టే, నీటి ఎద్దడే. వేసవిలో చీనీ ఆకు దొప్పలా ముడుచుకునేటప్పుడు జరిగేదీ నీళ్లు పోవడమే, హిమాలయాల్లో చెట్టుకు చలికాలం జరిగేదీ నీళ్లు పోవడమే. అందుకే ఎండ తెచ్చే బెట్టకూ చలి తెచ్చే బెట్టకూ చెట్టు దాచుకునే సరుకు చాలా మటుకు ఒకటే: పిండిని చక్కెరగా మార్చుకోవడం, ఎండిపోయే కణాన్ని కాపాడే ప్రత్యేకమైన ప్రోటీన్లు తయారుచేసుకోవడం. కణం లోపలే గడ్డకడితే మాత్రం ఏ సరుకూ కాపాడలేదు, ఆ కణం చచ్చినట్టే.

ఇక గడ్డకట్టకుండానే, పది డిగ్రీల్లోనే అరటి ఎందుకు చెడుతుంది? వంటింట్లోకి పోయి చూడండి. చలికాలం కొబ్బరినూనె సీసాలోనే బిగుసుకుంటుంది, పక్కనున్న చెనిక్కాయ (వేరుశనగ) నూనె హాయిగా పారుతుంటుంది. కణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వే. వేడిదేశపు చెట్ల పొర కొబ్బరినూనె లాంటిది, కాస్త చలికే బిరుసెక్కి పనిచేయడం మానేస్తుంది. చలిదేశపు చెట్లు శీతాకాలం రాకముందే తమ పొరను చెనిక్కాయ నూనె తీరుకు మార్చుకుంటాయి. ఫ్రిజ్‌లో పెట్టిన అరటిపండు తొక్క నల్లబడడం ఈ పొర చెడినందుకే.

ఇంకొక చావు ఉంది. ఐసు ముక్క నడుమ తెల్లగా కనిపించేది గాలి బుడగలు. చెట్టు నీటి గొట్టాల్లో నీరు గడ్డకట్టి కరిగితే ఆ బుడగలు గొట్టంలోనే మిగులుతాయి. మోటారు గాలి పట్టినట్టే, పైకి నీళ్లెక్కవు. గొట్టం ఎంత లావైతే బుడగ అంత పెద్దది. దేవదారు లాంటి చెట్లకు సన్నగొట్టాలు, కాబట్టి బుడగలు త్వరగా కరిగిపోతాయి. మన వేడిదేశపు చెట్లలో చాలావాటికి లావు గొట్టాలు. వానాకాలంలో గబగబా నీళ్లు లాగడానికి అవి బాగు, మంచులో పనికిరావు.

అసలు తెలివి మాత్రం ముందుగా సిద్ధపడడంలో ఉంది. చలిదేశపు చెట్టు చలి వచ్చేదాకా ఆగదు. పగలు కురచవుతూ రాత్రి పొడుగవుతుంటే ఎదుగుదల ఆపి మొగ్గలకు పొలుసులు కప్పుకుంటుంది. ఆ తర్వాత సున్నా దగ్గరి చలి తగిలితే రెండో విడత గట్టిపడుతుంది. జపాన్‌లో హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన అకిరా సకాయ్ అనే శాస్త్రవేత్త ఇలా గట్టిపడిన విల్లో అనే చలిదేశపు చెట్టు కొమ్మలను మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో ముంచి తీసినా బతికాయని 1960లో చూపించాడు. అదే విల్లోకు ఎండాకాలంలో, లేత చిగుళ్ల మీద ఉన్నప్పుడు, చావడానికి సున్నా కింద కొద్ది డిగ్రీలే చాలు. కాబట్టి "ఈ చెట్టు ఎన్ని డిగ్రీలు తట్టుకుంటుంది" అన్న ప్రశ్నకు "ఏ నెలలో?" అన్న ఎదురుప్రశ్నే సరైన జవాబు.

మీ మొక్క ఏ కుప్పలోదో తేల్చుకోండి

ఇక్కడ నేను చేసిన తప్పే అందరూ చేస్తారు. చలి తట్టుకోవడం వేరు, చలి కావాలనడం వేరు. నర్సరీలో ఈ రెండు ప్రశ్నలూ విడివిడిగా అడగండి.

ఒక కుప్ప చలి అసలు నేర్చుకోని చెట్లది. అరటి, బొప్పాయి, కొబ్బరి, మర్రి ఇందులోవే. కదిరి దగ్గర అయిదెకరాల్లో పరుచుకున్న తిమ్మమ్మ మర్రిమాను ఊడలు దించుకుంటూ వందల ఏళ్లు బతికిందంటే, అక్కడ నీళ్లు గడ్డకట్టే రాత్రి రాలేదు కాబట్టే. శేషాచలం, లంకమల కొండల ఎర్రచందనం కూడా ఇంతే. రాళ్లలో, కరువులో బతికే ఆ మొండి చెట్టును మైనస్ ఒక్క డిగ్రీ చంపేస్తుంది. అదీ ఏటా ఆకు రాలుస్తుంది, కానీ ఎండకు. ఆకు రాలింది కదా, చలిదేశపు చెట్టులా ఉంది కదా అని మోసపోకండి.

రెండో కుప్ప చలి తట్టుకుంటాయి గానీ చలి పెద్దగా అడగవు. దానిమ్మ, అంజూర, ఖర్జూరం, ద్రాక్ష. ఇరాన్ వైపు నుంచి వచ్చిన దానిమ్మ ఆకు రాల్చి నిద్రలో ఉంటే మైనస్ పది దాకా ఓర్చుకోగలదు. ఆ ఓర్పుతో మనకు పనిలేదు. పనికొచ్చేది, అది నిద్ర లేవడానికి చలిని పెద్దగా ఎదురుచూడదు. నీళ్లాపి బెట్టపెట్టి, ఆకు రాల్చి, మళ్లీ నీళ్లిస్తే పూతకొస్తుంది. మన రైతులు ఏటా చేసేది అదే. చీనీ ఈ కుప్పలో చివరన ఉంటుంది. మైనస్ రెండు, మూడు దాటితే దానికి కష్టం. పూతకు మాత్రం చలైనా సరే, బెట్టైనా సరే అంటుంది. మనం బెట్ట ఇస్తాం.

మూడో కుప్ప చలి తట్టుకోవడమే కాదు, చలి లేకపోతే నిద్ర లేవనంటాయి. ఆపిల్, పియర్, చెర్రీ, అక్రోటు. డబ్బులు పోయేది ఈ కుప్పలోనే.

మూడో కుప్పయితే చలి గంటలు లెక్కపెట్టండి

ఆపిల్ మొగ్గ లోపల ఒక తాళం ఉందనుకోండి. నడుచలికాలంలో ఒక రోజు ఎండ కాసినా మోసపోయి పూయకుండా అది కాపాడుతుంది. అన్ని గంటల చలి పూర్తయితేనే ఆ తాళం ఊడుతుంది. మామూలు లెక్కలో 7 డిగ్రీలకు కింద గడిచిన ప్రతి గంటా ఒక చలి గంట. కాశ్మీరు, హిమాచల్ పాత రకాలకు 800 నుంచి 1200 గంటలు కావాలి. ఇజ్రాయెల్‌లో తయారైన అన్నా అనే రకానికి 200, 300 గంటలతో సరిపోతుంది.

ఇప్పుడు మీ నోటుబుక్కు తెరవండి. 7 డిగ్రీల లోపు రాత్రులు ఎన్ని? నాది తెరిస్తే సున్నా. ఇంకాస్త ఉదారంగా లెక్కేసే పద్ధతులూ ఉన్నాయి, అవి 12 డిగ్రీల దాకా ఉన్న గంటలకు సగం మార్కులిస్తాయి. కానీ అవే పద్ధతులు పగలు 16 దాటితే మార్కులు కోసేస్తాయి. జనవరి మధ్యాహ్నం మన దగ్గర 30 డిగ్రీలు. రాత్రి సంపాదించింది పగలు ఖర్చయిపోతుంది.

మరి పేపర్లో వచ్చిన ఆపిల్ రైతులో అంటారా? నిజమే. ఆసిఫాబాద్ జిల్లా ధనోరాలో ఒక రైతు కాయించాడు, 2020లో అందరూ చూశారు. అయితే ఆ జిల్లాలో చలికాలం రాత్రులు అయిదారు డిగ్రీలకు పడిపోవడం కూడా అదే పేపర్లో వస్తుంటుంది. మైదానాలకు బాగా ప్రచారమైన హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్‌-99 రకం హిమాచల్ బిలాస్‌పుర్‌లో పుట్టింది. బిలాస్‌పుర్ హిమాచల్‌లో తక్కువ ఎత్తున ఉన్న ఊరే గానీ, అక్కడి చలికాలం మన చలికాలం కాదు.

అయినా సరదా చంపుకోలేకపోతే రెండంటే రెండు మొక్కలు పెట్టండి. వేర్వేరు రకాలు పెట్టండి, అన్నాకు డోర్సెట్ గోల్డెన్ లాంటి తోడుంటే పుప్పొడి అందుతుంది. పొలంలో ఎక్కువ చలి నిలిచే మూల, నీళ్లు నిలవని చోటు చూడండి.

చలి చాలని చెట్టును గుర్తుపట్టడం తేలిక. కొమ్మ కొసన రెండు మొగ్గలు మాత్రం విప్పుకుంటాయి, కింద మూరెడు బోసికట్టె. పూత ఒకేసారి రాదు, నెలల తరబడి ఒకటీ అరా వస్తుంది. బోసికొమ్మ చచ్చిందో, నిద్రపోతోందో చూడాలంటే బొటనవేలి గోరుతో బెరడు గీకండి. కింద పచ్చగా, తడిగా ఉంటే బతికే ఉంది. ఒక మొగ్గను బ్లేడుతో నిలువుగా కోయండి. నడుమ లేతాకుపచ్చగా ఉంటే నిద్ర, నల్లబడితే చావు. నా చెట్లలో కోసిన ప్రతి మొగ్గా పచ్చగానే ఉంది. రాని చలి కోసం ఎదురుచూస్తున్నాయి పాపం.

ఇండోనేసియాలో జావా దీవిలోని మలాంగ్ దగ్గర కొండల్లో దీనికి ఒక ఉపాయం కనిపెట్టారు. భూమధ్యరేఖకు అంత దగ్గరలో చలెక్కడిది? వాళ్లు కాయలు కోసిన కొన్నాళ్లకు చేత్తో ఆకంతా దూసేస్తారు. మొగ్గ గాఢనిద్రలోకి పోకముందే దాన్ని లేపేస్తారన్నమాట, ఏడాదికి రెండు కాపులు తీస్తారు. నేను కిందటేడు రెండు చెట్లకు చేసి చూశాను. పూత ఒకేసారి విరిసింది, అంతవరకు సంతోషం. తర్వాత మార్చి ఎండకు పిందె మాడిపోయింది. అక్కడ కొండ చల్లదనం ఉంది, ఇక్కడ లేదు.

మన చలి నుంచి మన మొక్కలను కాపాడడం

ఇది రోజూ పనికొచ్చే భాగం. పులివెందుల, పుట్లూరు, నార్పల వైపు అరటి రైతులకు డిసెంబరు చలి బాగా తెలుసు. 13 డిగ్రీల దగ్గర అరటి ఎదుగుదల మందగిస్తుంది. అప్పుడే గెల వేసే సమయమైతే అది గొంతులో ఇరుక్కుని సగమే బయటికొస్తుంది. దీనికి మందు లేదు, తేదీ ఉంది. మీ రకం నాటిన ఎన్నో నెలకు గెల వేస్తుందో వెనక్కి లెక్కపెట్టి, గెల వేసే కాలం డిసెంబరు, జనవరిలో పడకుండా నాటండి. అప్పటికే గెల దిగి ఉంటే కవరు తొడగండి.

నర్సరీ నుంచి తెచ్చిన టిష్యూకల్చర్ (ల్యాబులో పెంచిన) మొక్కలు, పాలీహౌస్‌లో పెరిగిన బొప్పాయి మొక్కలు పసిబిడ్డల్లాంటివి. తెచ్చినరోజే నాటొద్దు. చెట్టునీడలో ఒక వారం, తర్వాత సగం ఎండలో ఇంకో వారం పెట్టి నీళ్లు కొద్దిగా తగ్గించండి. ఆకు కాస్త మందంగా, ముదురుగా మారుతుంది. విల్లో చెట్టు రాత్రి పొడవు చూసి చేసుకునే పనిని మనం చేతులతో చేయిస్తున్నామన్నమాట.

నవంబరు దాటాక చిన్న మొక్కలకు యూరియా వద్దు. యూరియా వేస్తే లేతచిగురు తోసుకొస్తుంది, చలికి మొదట చెడేది అదే. చలి ఎక్కువగా ఉంటుందనుకున్న రోజు సాయంత్రం తడి ఇవ్వండి. తడినేల పగటి వేడిని ఎక్కువగా దాచుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. బొప్పాయికి మాత్రం మొదలు దగ్గర నీళ్లు నిలవకూడదు. చుట్టూ వరిగడ్డి కప్పేవాళ్లు మొదలుకు జానెడు దూరం వదలండి.

మామిడి సంగతి వేరే. మామిడికి రాత్రి చలి మంచిదే, 15 డిగ్రీల లోపు కొన్నాళ్లు ఉంటే పూత బాగా వస్తుంది. "మంచుకు పూత మాడిపోయింది" అని మనవాళ్లు అనేది చలి వల్ల కాదు. పొగమంచు తడికి బూడిద తెగులు, తేనెమంచు పురుగు పెరుగుతాయి. పూగుత్తి మీద తెల్లటి పొడి కనిపిస్తే నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు కలిపి పిచికారీ చేయించండి. చెట్టు కింద మంట పెట్టి పొగ వేస్తే పురుగు పోతుందని మా వీధిలో ఒకాయన ఏటా వేస్తాడు. దగ్గేది చుట్టుపక్కల వాళ్లే.

అమెరికాకు పోయిన కరివేపాకు

మా చెల్లెలు నవంబరులో వీడియో కాల్ చేసింది. "అన్నా, ఆకంతా రాల్చేసింది, చచ్చిపోయినట్టేనా?" ఫోను కుండీ వైపు తిప్పితే పుల్లలు తప్ప ఏమీ లేవు. గోరుతో గీకి చూడమన్నాను. పైన జానెడు గోధుమరంగు, అక్కడి నుంచి కిందికి పచ్చన.

అలాంటి చోట ఉన్నవాళ్లు చేయాల్సింది ఇది. రాత్రి 10 డిగ్రీలకు దిగకముందే కుండీ ఇంట్లోకి తేవాలి. సున్నా దాకా ఆగొద్దు, దాని పొర కొబ్బరినూనె పొర. నేలలో నాటిన చెట్టు కన్నా కుండీ చెట్టుకు ప్రమాదం ఎక్కువ. ఏ చెట్టుకైనా కొమ్మల కన్నా వేళ్లు చలికి బలహీనం, కుండీలో వాటి చుట్టూ నేల వెచ్చదనం ఉండదు. మునగనైతే అక్కడ నేలలో పెట్టి చూడొచ్చు. పైనంతా చచ్చినా మొదలు దగ్గర మందంగా ఆకులు, గడ్డి కప్పి ఉంటే తేలికపాటి చలికాలం తర్వాత మళ్లీ చిగురు పెడుతుంది.

ఊరికి ఎంత చలి అని అమెరికా వ్యవసాయశాఖ వాళ్ల జోన్ల పటం చూస్తారు. డల్లాస్ ఎనిమిదో జోన్, మైనస్ 12 నుంచి మైనస్ 7 దాకా అని రాసి ఉంటుంది. అది ఏటా వచ్చే అతి చల్లని రాత్రుల సగటు మాత్రమే. 2021 ఫిబ్రవరి 16న అక్కడ మైనస్ 19 అయింది. చెట్టు సగటుకు చావదు, ఒక్క రాత్రికి చస్తుంది.

ఇంట్లో ఉన్నన్నాళ్లూ నీళ్లు బాగా తగ్గించాలి. ఆకు లేని చెట్టు నీళ్లు తాగదు, జాలిపడి పోస్తే వేరు కుళ్లుతుంది. ఎండిన కొమ్మను పచ్చ కనిపించేదాకా కత్తిరించాలి. డల్లాస్‌లో చివరి గడ్డచలి మామూలుగా మార్చి నడుమ దాకా ఉంటుంది. కాబట్టి ఆ నెలాఖరు వరకు ఆగి, బయట పెట్టినా మొదటి వారం వరండా నీడలోనే ఉంచి, సాయంత్రం లోపలికి తేవాలి. ఏప్రిల్‌లో చిగురొచ్చిందని ఫోటో పెట్టింది, కింద "పోపులోకి రెండు రెమ్మలు తెంపొచ్చా?" అని. తెంపొద్దన్నాను, చిగురు ముదిరి కొమ్మ పట్టేదాకా కొత్తిమీరతో సర్దుకోమన్నాను.